గవ్వ కట్టని గుమ్మాలు

సముద్రాలు దాటి, ఎడారి ఇసుక దాటి పోతే, అనగనగా ఆఫ్రికా గడ్డ మీద ఒక పెద్ద నది. నది ఒడ్డున ఒక రాజ్యం. ఆ రాజ్యంలో సెకాయి అనే ముసలి మందులమ్మ.

కడుపు జబ్బులకు ఆమె దగ్గర రెండు మందులు ఉండేవి. ఒకటి కొండచెట్టు బెరడు కషాయం. అది వాళ్లమ్మ నేర్పినది, పేరుమోసినది. రెండోది నదిగట్టున మొలిచే చేదాకు కషాయం. బెరడు నిండుకున్నప్పుడే ఆకు తీసేది.

అక్కడ ఒక ఆచారం. మందు తాగి కోలుకున్నవాళ్లు వచ్చి సెకాయి గుమ్మానికి గవ్వ కట్టాలి. బెరడుకు కుడివైపు, ఆకుకు ఎడమవైపు. కుడివైపు గవ్వలు గాలికి గలగలమంటే సెకాయికి తల్లి నవ్వినట్టే ఉండేది.

ఒక వానాకాలం ఊరిమీద విరేచనాల జబ్బు పడింది. పిల్లలు కోసిన తీగల్లా వాడిపోయారు. రాజుగారి చిన్నకూతురూ మంచం పట్టింది. రాజు వచ్చి గుమ్మం చూశాడు. కుడివైపు చూపించి, రేపటికల్లా ఇంటింటికీ బెరడు కషాయం అందాలని ఆజ్ఞాపించి వెళ్లాడు.

సెకాయి బెరడు కోసం బయలుదేరింది. దారిలో రూడో అనే ఆమె జొన్నలు దంచుతోంది. తల ఎత్తకుండానే అంది:

"నీ గుమ్మం నిండిందటగా అవ్వా. మా ఆయనా నీ బెరడే తాగాడు. పోయినవాడు లేచొచ్చి గవ్వ కడతాడా?"

సెకాయి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కొండకు పోలేదు. మొదట గవ్వ కట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లింది. తర్వాత చావు ఏడుపు వినిపించిన ఇళ్లకు వెళ్లింది. చివరికి ఏ మందూ తాగనివాళ్ల గడపలూ తొక్కింది. వాళ్లలోనూ లేచినవాళ్లు లేచారు, పోయినవాళ్లు పోయారు, బెరడు తాగిన ఇళ్లలో లాగే.

మందు తాగి పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో కుండపెంకు ఏరి, ఆ మందు వైపు కట్టింది. పొద్దువాలేసరికి కుడివైపు గవ్వలు పెంకుల చాటున కనబడలేదు. ఎడమవైపు గవ్వలు కొన్నే. పెంకులు ఇంకా తక్కువ.

రాజు వచ్చి నిలబడిపోయాడు. ఇదేమిటని అడిగాడు.

"ఇన్నాళ్లూ బతికినవాళ్ల మాటే విన్నాను ప్రభూ. ఇవాళ పోయినవాళ్లనూ అడిగాను."

"మీ అమ్మ మందు వట్టిదంటావా?"

"మా అమ్మ దయ వట్టిది కాదు. బెరడు వట్టిదే."

"మరి ఆకుతో నా బిడ్డ బతుకుతుందా?"

"ఆకు తాగినవాళ్లు తక్కువ. వాళ్లలో పోయినవాళ్లు ఇంకా తక్కువ. అంతకుమించి మాట ఇవ్వలేను."

రాజు రెండు వైపుల పెంకులూ లెక్కబెట్టాడు. ఆకే కాయించమన్నాడు.

చాలామంది లేచారు. రాజుగారి కూతురు తన చేత్తోనే గవ్వ కట్టడానికి వచ్చింది. అందరూ లేవలేదు. ఆ పిల్ల వెనకాల, దూరంగా, ఒక తల్లి చేతిలో పెంకు పట్టుకుని ముందుకు రాలేక నిలుచుంది.

"ముందు నువ్వు రా తల్లీ," అని పిలిచి, సెకాయి ఆ పెంకును రెండు చేతులా అందుకుంది.

కనుక పిల్లలూ, బతికినవాడి మాటతో పాటు పోయినవాడి మౌనాన్నీ విన్నప్పుడే నిజం తెలుస్తుంది.