మంత్రిగారి సభకి తొమ్మిది వందల మంది

పట్నం వెళ్ళే రైలు ఇంజను చెడి చింతలగూడెం స్టేషన్లో ఆగి ఆరు గంటలైంది. తొమ్మిది వందల మంది ఎండకి అల్లాడుతున్నారు.

"బస్సులన్నీ పట్నంలో మంత్రిగారి సభకి జనాన్ని తోలుతున్నాయట. ఒక్కటీ లేదు పొమ్మన్నాడు డిపో మేనేజరు," అంటూ స్టేషన్ మాస్టరు శేషాచలం తల పట్టుకున్నాడు.

సోడాలమ్మే పైడితల్లి స్టేషన్ ఫోనందుకుని, గోడమీది సభ పోస్టరులో నంబరు చూసి నేరుగా మంత్రిగారి మనిషికే చేసింది. "అయ్యా, సభకి తొమ్మిది వందల మందిమి వస్తాం. బస్సులే లేవు!"

అరగంటలో పద్దెనిమిది బస్సులొచ్చి వాలాయి. మొదటి బస్సులోంచి డిపో మేనేజరే పరుగున దిగాడు. శేషాచలం టోపీ తీసి, దేవతని చూసినట్టు పైడితల్లిని చూశాడు.

"మరి వీళ్ళంతా ఉపన్యాసం వినాలి కదమ్మా?"

"కదలని రైల్లో ఆరు గంటలు కూర్చున్నోళ్ళకి అదో లెక్కా బాబూ!"