బుచ్చిలింగం దిద్దిన గొర్రె

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, బుచ్చిలింగం అని ఒక నకాషీ ఉండేవాడు. గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, దాని మీద కులకథలు బొమ్మలుగా వేసేవాడన్నమాట. చేయి మంచిదే, బుర్రే కాస్త నిదానం. తండ్రి ఎలా నేర్పితే అలాగే వేసేవాడు. దేవుడికీ, దొరకీ, గొర్రెకీ అవే కళ్ళు.

ఒకసారి గొర్రెలు కాసే కురుమల్లో పెద్దావిడ బీరవ్వ వచ్చి, తమ మందకథ పటం వేయమంది. వేశాడు. బీరవ్వ చూసి పెదవి విరిచింది.

"గిది గొర్రె గాదు బిడ్డా. ఉన్ని కప్పుకున్న కుక్క."

బుచ్చిలింగం తల గోక్కున్నాడు. ఇదేం చిక్కురా దేవుడా అనుకున్నాడు. మంద దగ్గరికి పోయి పొద్దంతా చెవులు చూశాడు, మూతులు చూశాడు, నడకలు చూశాడు. వచ్చి మళ్ళీ వేశాడు.

"ఆఁ, గిది గొర్రే," అంది బీరవ్వ. "ఏ గొర్రె?"

"ఏ గొర్రె అంటే? గొర్రె!"

"నిన్ను జూసి 'ఎవడో మనిషి' అంటే ఊకుంటవా? మా మందల దేని మొకం దానిదే. ఇంకొక్కపారి జూస్త. కుదరకుంటే పటం ఇంకో ఊరి నకాషీకి ఇచ్చుకుంట."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. కురుమల పటం చేజారితే తక్కిన కులాలవాళ్ళూ గడప తొక్కరు. తాతనాటి కుంచె అటకెక్కాల్సిందే. నిన్న గొర్రె కాదంది, నేడు ఏ గొర్రె అంటోంది. బుచ్చిలింగం తల గోక్కున్నాడు. ఇదేం చిక్కురా దేవుడా అనుకున్నాడు.

చాప చంకన పెట్టుకుని మందలోనే కాపురం పెట్టాడు. గొర్రెలతో తిరిగాడు, గొర్రెలతో తడిశాడు, గొర్రెలతో పడుకున్నాడు. చూసినకొద్దీ తికమక పెరిగింది. మొహాన తెల్లమచ్చ ఉన్న బొల్లిది ఒకటి రోజూ వచ్చి అతని ఒడి వాసన చూసేది. గడ్డి పెడితే ముట్టదు, నీళ్ళు పెడితే తాగదు, తోలితే పోదు. దానికేం కావాలో అంతుపట్టలేదు.

మూడోసారి పటం సిద్ధమైంది, కళ్ళు తప్ప. కళ్ళు ఆఖరున, పటం వేయించుకున్నవాళ్ళ ఎదుటే దిద్దాలి. అప్పుడే బొమ్మకు ప్రాణం. సాంబ్రాణి పొగ వేశారు. కురుమలంతా కూర్చున్నారు. బుచ్చిలింగం కుంచె ఎత్తాడు, చేయి ఆగిపోయింది. తండ్రి నేర్పిన కన్ను వేయాలా, మందలో చూసిన కన్ను వేయాలా? ఏదీ వేలికి దిగలేదు. ఇక సిగ్గు విడిచి బొమ్మనే అడిగాడు.

"ఎవలకోసం జూస్తున్నవే తల్లీ?"

అడిగాక తట్టింది. మందలో బొల్లిది రోజూ వచ్చి తన ఒడిలో వెతికింది దాని పిల్లనే. గబగబా కళ్ళు దిద్దేశాడు.

బీరవ్వ లేచి పటం దగ్గరికి వచ్చింది.

"అయ్యో, గిది మా బొల్లిదే! పిల్ల సచ్చినకాడికెల్లి కనబడ్డ ఒడినల్లా ఎతుకుతున్నది," అని కొంగు నోట కుక్కుకుంది. "గింత దుక్కం గింత కంట్ల ఎట్ల వెట్టినవ్ బిడ్డా?"

"నాకేం ఎరుక అవ్వా?"

ఎలా పెట్టాడో నిజంగానే తెలియదు పాపం. ఆ తర్వాత ఎద్దులు వేశాడు, కొంగలు వేశాడు, లేళ్ళు వేశాడు. ప్రతిసారీ తికమకపడ్డాడు, ప్రతిసారీ అడిగాడు. అలా అడుగుతూనే ముసలివాడై పోయాడు.

ఆ దిక్కు నకాషీలు ఇప్పటికీ జీవానికి కళ్ళు దిద్దేముందు కుంచె ఆపి, "ఎవలకోసం జూస్తున్నవే తల్లీ?" అని మెల్లగా అడుగుతారు. ఊళ్ళో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటే, ఆ పూట ఆమెను పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు.