రెండు తాళ్లు, రెండు ముంతలు

కోట గుమ్మం దగ్గర మంత్రి మాచనామాత్యుడు రెండు గంటలు కట్టించాడు. ఒకటి ఫిర్యాదు చెప్పుకోవడానికి, రెండోది శత్రువులొస్తే హెచ్చరించడానికి. వాటి తాళ్లు మాత్రం అచ్చు ఒక్కలాంటివే. ఏది దేనికో గుమ్మం వెనకవైపు రాతిమీద చెక్కించి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

కుమ్మరి సింకమ్మ, తన గాడిదను ఎవరో తోలుకుపోయారని చెప్పుకుందామని వచ్చి ఒక తాడు లాగింది. సైన్యమంతా తలపాగాలు చుట్టుకుంటూ ఈటెలతో ఉరికొచ్చింది.

"రాసిపెట్టింది చూసుకోకపోవడం నీ తప్పే. రేపు సభలో పది కొరడా దెబ్బలు," అన్నాడు మంత్రి.

మర్నాడు రాజుగారి సభలో సింకమ్మ మూతలు పెట్టిన రెండు కొత్త ముంతలు తెచ్చి ఆయన ముందుంచింది. "కొట్టించే ముందు కాస్త మజ్జిగ పుచ్చుకోండి దొరా," అంది.

మంత్రి దగ్గరున్న ముంత ఎత్తి గటగటా తాగబోయి, మొదటి గుక్కకే ఉమ్మేశాడు. అది గేదెల కుడితి.

"దేంట్లో ఏముందో చెప్పొద్దటే?" అని మండిపడ్డాడు.

"రాయించాను దొరా, ముంత అడుగున. తప్పు చూసుకోని మనిషిదంటారా, తమకూ పది దెబ్బలు. ముంతదంటారా, నిన్నటి తప్పు తాడుది."

రాజుగారు నవ్వాపుకుంటూ మంత్రివైపు చూశారు. మంత్రి మూతి తుడుచుకుని, "ముంతదే," అన్నాడు.

సాయంత్రానికల్లా యుద్ధం గంట తాడు బురుజుమీదికెక్కింది. కింద మిగిలిన తాడు లాగి, సింకమ్మ తన గాడిద సంగతి మళ్లీ మొదట్నుంచి చెప్పుకుంది.