గిడ్డక్క పలకరించే బండ

ఊఁ కొడతారా, లేదా? కొడితేనే చెప్తా. మీ తాతల తాతలకు ఇంకా మీసం మొలవని కాలం అది. రాళ్లకు కొదవలేదు, వానలకే కరువు, అట్లాంటి సీమలో ఒక ఊరు. ఆ ఊరి చివర గుడిసెలో గిడ్డక్క అని ఒక వడ్డె మనిషి ఉండేది.

ఆమె పని దిమ్మిస కొట్టడం. బండలు పరిచే ముందు నేల గట్టిపడాల గదా! దానికి బరువైన కొయ్యదిమ్మె ఎత్తి ఎత్తి కొడతారు, అదీ దిమ్మిస. ముప్పై ఏండ్లు కొట్టింది తల్లి. కొట్టి కొట్టి ఆమెకొక విద్య అబ్బింది. నేలను మడమతో మూడు తట్లు తట్టేది, చెవి ఒగ్గి వినేది. "ఈడ గట్టి మన్ను, ఈడ వదులు మన్ను, ఈడ చీమల పుట్ట" అని చెప్పేది. తవ్వి చూస్తే అంతే! అయినా కూలిదాని మాట ఎవరికి పట్టింది?

ఆ ఊరి పెద్ద నాగిరెడ్డి. ఏడూళ్లలో లేని వాకిలి తనకు కావాలని ఇంటి ముందు నున్నటి నాపబండలు పరిపించాడు. నేల కొట్టేటప్పుడే గిడ్డక్క చెప్పింది.

"సామీ, ఈ నడిమి చోటు వేరేగా పలుకుతాండాది."

"నేల పలకడమేందే! నోరు మూసుకొని కొట్టు" అన్నాడు రెడ్డి.

కొట్టింది. బండలు పరిచారు. నెల తిరగలేదు, నడిమి బండ బెత్తెడు పైకి లేచింది!

"ఏమ్మే గిడ్డక్కా, నేల కొట్టినావా, కునుకు తీసినావా?" అని రెడ్డి కేకలేశాడు. మళ్లీ కొట్టింది, మళ్లీ పరిచారు. ఇంకో నెలకు అదే బండ కుంగింది. రెడ్డి తల్లి ఓబుళమ్మ దాంట్లో కాలు పడి బోర్లాపడింది. రెడ్డికి కండ్లెర్రబడినాయి.

"ఇంగొక్కసారి ఈ బండ కదిలిందా, ఈ ఊర్లో మీ పొయ్యి వెలగగూడదు. మూటాముల్లె సర్దుకొని పోవాల్సిందే."

వానలు లేక అది మూడో ఏడు. ఏ ఊరికి పోయినా గంజి పుట్టదు. ఇంట్లో కూతురు ఈరమ్మకు నెలలు నిండినాయి. ఆ బిడ్డను పెట్టుకొని యాడికి పోవాల? నడుములు ఇరిగేలా కొట్టింది మూడోసారి.

ఏం లాభం? మూడోసారీ బండ లేచింది.

గిడ్డక్క ఏడవలేదు, కాళ్లమీద పడలేదు. "పోతా సామీ. పోయేముందు ఒక్కసారి విననీ" అంది. బండ మీదికెక్కి మడమతో మూడు తట్లు తట్టింది. చెవి ఒగ్గి విన్నది. వీధి వీధంతా చుట్టూ మూగింది.

"సామీ, కింద ఉండేది మన్ను గాదు. ఏదో ఉబ్బతాండాది, ఏదో కుంగతాండాది."

రెడ్డి పకపకా నవ్వాడు. అరుగు మీదున్న ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు.

"నవ్వొద్దురా. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త ఈ చోట రోలు పెట్టనిచ్చేది గాదు. ఎందుకని నేనడగలే, ఆమె చెప్పలే. తవ్వించు."

తల్లి మాట కదా, తవ్వించాడు. బండ కింద మూరెడు మన్ను, మన్ను కింద గుండ్రటి మూతరాయి. మూత లేపితే గుప్పుమని పులిసిన వాసన!

"పాతర!" అని అరిచారు జనం. జొన్నలు దాచుకునే గొయ్యి నాయనా అది. కుండ మాదిరి సన్నటి మెడ, పెద్ద కడుపు. ఏ ముత్తాతో నింపి మూసి, ఎవరికీ విప్పి చెప్పకుండా కన్నుమూశాడు. వాకిలి కడిగిన నీళ్లు సందుల్లో దిగి, పైగింజలు ఉబ్బి బండను లేపాయి, కుళ్లి కూలి బండను దించాయి. అదీ సంగతి.

తాడు కట్టిన బుట్టలతో పైనుంచే నల్లగా కుళ్లిన గింజలు తోడి పోస్తే నిలువెత్తు గొయ్యి తేలింది. "అడుగున మంచివి ఉంటాయి!" అని రెడ్డి పంచె ఎగ్గట్టి దూకబోయాడు. గిడ్డక్క చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. అమ్మో! వడ్డె మనిషి రెడ్డి చెయ్యి పట్టుకోవడమా!

"సచ్చిపోతావు రెడ్డీ! మూసిన పాతరలో చెడుగాలి ఉంటాది. ముందు దీపం దించు."

తాడు కట్టి దీపం దించారు. ఆరిపోయింది. రెడ్డి గొయ్యి అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండోనాడు దించారు, ఆరిపోయింది. మూడోనాడు దించారు. నిలిచింది!

అప్పుడు గిడ్డక్కే దిగింది. లోపల్నుంచి నవ్వో ఏడుపో తెలీని గొంతొకటి వినిపించింది. పైకొచ్చిన ఆమె కొంగు నిండా జొన్నలు, పచ్చగా మెరుస్తున్నాయి! చూసినోళ్లంతా చేతులు జోడించారు.

"గిడ్డక్కా, తప్పు నాది. ఏం కావాలో అడుగు" అన్నాడు రెడ్డి.

"మమ్మల్ని ఉండనీ సామీ. ఈ గింజలు మా గుడిసెలకాడికి గూడా రానీ."

వానలు పడేదాకా ఊరంతా ఆ గింజలే తిన్నది. కాన్పయిన ఈరమ్మ తాగిన తొలి గంజి కూడా ఆ జొన్నలదే. పాతర ఖాళీ అయినాక పూడ్చి, గిడ్డక్కే నేల కొట్టింది. నడిమి బండ మాత్రం వేలెడు ఎత్తుగా పెట్టించింది.

"ఇదేందక్కా, మళ్లీ ఎచ్చుతగ్గు?" అన్నాడు రెడ్డి.

"ఉండనీ సామీ. కాలికి తగిలితేనే గదా మనం కిందికి చూసేది."

ముసలిదై ముసలిదై పోయింది గిడ్డక్క. ఆమె పోయిన మూడునాళ్లు ఆ సీమలో దిమ్మిస చప్పుడు లేదు. ఈనాటికీ అక్కడ బండలు పరిచే ముందు ఇంటి పెద్దామె మడమతో మూడు తట్లు తట్టి, "గిడ్డక్కా, కింద ఏముండాది?" అని అడుగుతుంది. అందరూ నోరు మూసుకొని వింటారు. గుప్పెడు జొన్నలు చల్లి తొలిబండ పెడతారు.

ఆ నడిమి బండనా? ఎవరూ సరిచేయలేదు. కాలికి తగిలితే ఆ ఊర్లో ఎవరూ తిట్టరు, "గిడ్డక్క పలకరించింది" అంటారు. నాకూ తగిలింది ఒకసారి. బొటనవేలి గోరు లేచిపోయి కండ్లలో నీళ్లు తిరిగాయి. నోట తిట్టు మాత్రం రాలేదు. వంగి ఆ బండను తాకి, కండ్లకద్దుకొని వచ్చినా.