వీపు మీద పచ్చపొడి

అనగనగా ఒక సముద్రం. మనం చూసే సముద్రం లాంటిది కాదు నాన్నా. ఉత్తరాన చాలా దూరంలో ఉంటుంది. చలికాలం వస్తే నీళ్ళ మీద మంచు పైకప్పు వేసుకుంటుంది. ఆ కప్పు కింద ఎండ ఉండదు, వెలుగు ఉండదు. అక్కడ కూడా దేవుడు ప్రాణులను పెట్టాడు. చీకట్లో ఉన్నవాళ్ళను ఆయన మరిచిపోడు.

ఆ సముద్రం అడుగున గవ్వమ్మ అనే పీత ఉండేది.

పీతలు పెరిగేకొద్దీ పాత పెంకు విడిచి కొత్త పెంకు వేసుకుంటాయి. మీకు ఏటా చొక్కాలు పొట్టివైపోవడం లేదూ, అలాగే. ఆ జాతి ఆడపీతలు మాత్రం పెళ్ళీడుకు రాగానే ఆఖరిసారి పెంకు విడుస్తాయి. ఆ తర్వాత జన్మంతా అదే పెంకు.

గవ్వమ్మ ఆఖరి పెంకు విడిచిన నాడు ఒళ్ళంతా నానిన అటుకుల్లా మెత్తగా ఉంది. ఏ చేప వచ్చి నోరు పెట్టినా అంతే సంగతులు. అప్పుడు ఆమె పెనిమిటి ఆమెను పట్టుకుని వదల్లేదు. తిండి మానేసి కాపలా ఉన్నాడు. వచ్చినవాణ్ణల్లా తరిమాడు. కొత్త పెంకు గట్టిపడ్డాకే చేతులు విప్పాడు. ఆ తర్వాత తన దారిన తాను లోతు నీళ్ళకు వెళ్ళిపోయాడు. వాళ్ళ ఆనవాయితీ అది.

గవ్వమ్మ కడుపు పండింది. కడుపు కింద మడతలో గుత్తులు గుత్తులుగా గుడ్లు. గసగసాలంత గుడ్లు, నారింజపండు రంగువి. ఆమె మడతను మెల్లగా తెరిచేది, మూసేది. ఉయ్యాల ఊపినట్టు వాటికి తాజా నీళ్ళు వీచేది.

అక్కడ ఒక చల్లని మెట్ట ఉంది. కడుపుతో ఉన్న తల్లులంతా దాని మీద ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని గుట్టగా చేరేవారు. ఆ చలికి గుడ్డు పిల్ల కావడానికి రెండు చలికాలాలు పట్టేది. ఆ గుట్టకు పెద్దదిక్కు ఇసకమ్మ. ఎన్నో కాన్పులు చూసిన ముసలి పీత.

ఇసకమ్మ కొత్త తల్లులకు ఒకే మాట చెప్పేది. "వసంతం వచ్చి మంచు పగిలితే పైన ఎండ పడుతుంది. నీళ్ళ మీద నాచులాంటి సన్నని పచ్చ పుడుతుంది. మన పిల్లలకు అదే పాలు. ఆ పచ్చ ఎక్కువైతే పొడిగా రాలి ఇక్కడిదాకా వస్తుంది. మనకు నాలుక కాళ్ళలో ఉంది కదా అని తొక్కి రుచి చూసి తొందరపడకండే. పక్కదాని చేత నీ వీపు చూపించుకో. వీపు మీద పచ్చపొడి పడిందంటేనే కడుపు తెరు."

కళ్ళు కాడల మీద ఉన్నా, సొంత వీపు నడిమధ్య పీతకు కనపడదు మరి. అందుకే వాళ్ళు ఎప్పుడూ గుట్టగా ఉండేవారు.

గవ్వమ్మ వీపు మీద ఒక అద్దెదారు ఉండేవాడు. గుల్లయ్య. పడవల అడుగున అతుక్కుంటాయే చిన్న తెల్లని గుల్లలు, ఆ జాతివాడు. ఒకసారి అతుక్కున్నాక ఇక కదల్లేడు. తలుపు తెరిచి, నోరు తెరిచి, పైనుంచి రాలింది తిని బతకడమే. పొద్దస్తమానం గొణుగుతూనే ఉండేవాడు.

ఒక చలికాలం గడిచింది. రెండోది మొదలైంది. అప్పుడొచ్చాడు ఒంటిమీసం. గడ్డం కింద ఒకే ఒక్క మీసం వేలాడే పెద్ద చేప.

"చెల్లెమ్మా! ఎంత చక్కని వీపు నీది! దాని మీద ఆ మురికి గుల్ల ఏమిటమ్మా? ఆ రాతికి ఒక రుద్దు రుద్దు, ఊడిపోతాడు" అన్నాడు.

"ముందు నీ గడ్డం కింద వేలాడేది గీయించుకో!" అని వీపు మీది నుంచి గుల్లయ్య అరిచాడు.

గవ్వమ్మ నవ్వింది. "పోనీలే అన్నా, ఉండనీ. వాడికి వేరే ఇల్లు లేదు. నాకు వేరే పెంకు లేదు."

ఒంటిమీసం వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు.

"నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోంది చెల్లెమ్మా. ఈ చలిలో ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు? మెట్ట దిగితే కింద వెచ్చని పల్లం ఉంది. అక్కడ గుడ్లు ఇట్టే పిల్లలవుతాయి. ఇసకమ్మకేం, కూర్చుని కబుర్లు చెబుతుంది. మోసేది నువ్వు కదా."

ఆ మాట గవ్వమ్మ మనసులో దిగబడింది. నిజంగానే కాళ్ళు లాగేస్తున్నాయి. బిడ్డల మొహం చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"అత్తా, నేను పల్లంలోకి వెళతాను" అంది ఇసకమ్మతో.

"పల్లంలో పిల్లలు త్వరగానే తయారవుతారే. పైన పాలు తయారవ్వొద్దూ? అయినా వాడికి నీ మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? వాడి ఆకలి ఏమిటో కనుక్కున్నావా?"

"నీకు అందరి మీదా అనుమానమే అత్తా."

"సరే, వెళ్ళు. వెళ్ళేదానివి వెళ్ళు గానీ, అక్కడ నీ వీపు చూసేదెవరు?"

గవ్వమ్మ పక్కపక్కగా నడుస్తూ మెట్ట దిగిపోయింది. వీపు మీద గుల్లయ్య దారంతా సణిగాడు. "ఇల్లు కదిలితే అద్దెకున్నవాణ్ణి ఒక్క మాట అడగరా?"

పల్లం వెచ్చగా, హాయిగా ఉంది. ఒంటిమీసం అబద్ధం చెప్పలేదు. గుడ్లు నారింజ రంగు మారి ముదురు రంగుకు తిరిగాయి. ఒక్కో గుడ్డులో రెండు నల్లని చుక్కలు కనిపించాయి. అవి కళ్ళు నాన్నా! గవ్వమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

త్వరలోనే లోపలి నుంచి తట్టడం మొదలైంది. టిక్. టిక్. టిక్. అమ్మా తలుపు తీ, అన్నట్టు.

గవ్వమ్మ కళ్ళు పైకి తిప్పింది. పైన చిమ్మచీకటి. మంచు కప్పు చెక్కుచెదరలేదు. ఎండ లేదు. పచ్చ లేదు.

'బిడ్డలు వచ్చేస్తామంటున్నారు. వస్తే ఏం తింటారు?'

టిక్, టిక్, టిక్. మడత బిగించి పట్టుకుంది. పక్కన ఒక్క తల్లి లేదు. "దేవుడా, కాసేపు ఆపు తండ్రీ" అని వేడుకుంది.

అప్పుడు చుట్టూ నీళ్ళు మసకబారాయి. సన్నని పొడి ఏదో వచ్చి కాళ్ళకు తగిలింది. కాళ్ళతో రుచి చూసింది. పచ్చే! కాస్త మగ్గిన వాసన ఉంది గానీ పచ్చే!

"చూశావా చెల్లెమ్మా!" చీకట్లోంచి ఒంటిమీసం గొంతు. "పచ్చపొడి పడుతోంది! తెరు, తెరు!"

"కాస్త నా వీపు చూడన్నా."

"చూస్తూనే ఉన్నాను కదా! నాచు పట్టిన బండలా పచ్చగా ఉంది. ఆలస్యం చేస్తే నీ బిడ్డలకు ఏమీ మిగలదు. నీ ఇష్టం!"

గవ్వమ్మ మడత తెరిచింది.

గుడ్లు పగిలాయి. చేరెడు పిల్లలు, కంటికి ఆనీ ఆననంత పిల్లలు, పైకి లేచారు. తల్లి కళ్ళు వాళ్ళ వెంటే వెళ్ళాయి. పైన చీకట్లో ఏదో కదిలింది. చిన్న చిన్న నోళ్ళు. బోలెడు నోళ్ళు. తెరుచుకున్నాయి. మూసుకున్నాయి.

"మూయి! అమ్మా, మూయి!" గుల్లయ్య గొంతు చించుకుని అరుస్తున్నాడు. "నేనున్నది నీ వీపు మీదే! ఇంతసేపూ నోరు తెరుచుకుని కూర్చున్నా ఒక్క రేణువు పడలేదు! పైనుంచి రాలితే ముందు నా నోట్లో పడాలి కదా! ఇది కిందనుంచి లేస్తోందమ్మా! వాడు తోకతో పాత బురద రేపుతున్నాడు!"

గవ్వమ్మ ఠక్కున మడత మూసేసింది.

పొడి మెల్లగా విడింది. పోయిన ఏడు రాలి, కుళ్ళి, అడుగున పేరుకున్న బురద అది. దాని నడుమ ఒంటిమీసం తోక ఇంకా ఊగుతోంది.

"అన్నా అని పిలిచాను నిన్ను" అంది గవ్వమ్మ.

ఒంటిమీసం తోక ఆపాడు. "పైన ఉన్నవాళ్ళు నా పిల్లలు. ఆకలితో చస్తున్నారు. చలికాలం నీ ఒక్కదానికేనా?"

ఆ మాట మట్టుకు నిజమే నాన్నా. ఆకలి ఎవరికైనా ఆకలే. కానీ తన బిడ్డల కడుపు నింపడానికి ఇంకో తల్లిని చెల్లెమ్మా అని పిలిచి మోసం చేయొచ్చా?

"తెరు. లేకపోతే నిన్నే మింగేస్తాను" అంటూ వాడు మీదికొచ్చాడు.

గవ్వమ్మ పరుగు తీసింది. పైకి, చలిలోకి, మెట్ట వైపు. పీత పరుగు ఎంత? పక్కపక్కగా, రాయి వెంట రాయి. కడుపులో తట్టడం ఆగలేదు. మడత తెరుచుకుంటే అంతా పోతుంది.

"ఎడమకు! ఎడమకమ్మా! వెనకే ఉన్నాడు!" గుల్లయ్య వీపు మీది నుంచి దారి చెబుతున్నాడు.

ఒంటిమీసం నోరు పడింది. వెనక కాలు దొరికింది. పీతకు దేవుడు ఒక ఉపాయం ఇచ్చాడు. దొరికిన కాలు వదిలేసి ప్రాణం దక్కించుకోగలదు. పెంకు మార్చే వయసులో అయితే ఆ కాలు మళ్ళీ మొలిచేది. గవ్వమ్మకు ఇక కొత్త పెంకు లేదు. పోతే పోయినట్టే. అది ఆమెకు తెలుసు.

కాలు వదిలేసింది. కుంటుకుంటూ పరుగెత్తింది.

"ఎవతే అది? గవ్వమ్మా!" మెట్ట మీద ఇసకమ్మ కేక పెట్టింది. "లేవండే! చేతులెత్తండి! దాన్ని లోపలికి లాగండి!"

తల్లులంతా పటకారు చేతులు ఒక్కసారి పైకెత్తారు. ముళ్ళకంచె లేచినట్టయింది. ఒంటిమీసం దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. సందు దొరకలేదు. చీకట్లో కలిసిపోయాడు.

ఇసకమ్మ గవ్వమ్మ తెగిన కాలు చూసింది. మడత అంచున ఖాళీ అయిన చోటు చూసింది. పక్కకు జరిగి, గుట్ట నడుమ చల్లని చోటు ఇచ్చింది.

ఆ చలికి గుడ్లు నెమ్మదించాయి. తట్టడం మందగించింది. కానీ ఆగలేదు.

ఇక ఎదురుచూపు మొదలైంది. టిక్. గవ్వమ్మ మడత బిగించేది. "పడిందా గుల్లయ్యా?" "లేదమ్మా." మళ్ళీ టిక్, టిక్. "ఇప్పుడు?" "లేదంటే లేదు. ఆకలితో చస్తున్నాను, మాట్లాడించకు." పట్టు సడలుతుందేమో, నిద్రలో మడత తెరుచుకుంటుందేమో అని ఆమె కునుకైనా తీయలేదు. కాళ్ళలో సత్తువ అయిపోతోంది.

ఒకనాడు పైన ఉరుము ఉరిమినట్టయింది. మంచు పగిలింది! సన్నని వెలుగు గీత ఒకటి నీళ్ళలోకి దిగింది. కొత్త తల్లులు కేరింతలు కొట్టారు. గవ్వమ్మ మడత తెరవలేదు. వెలుగును చూసి ఊరుకుంది.

ఇంకొంత కాలం గడిచింది. కాళ్ళకు ఏదో తగిలింది. రుచి చూసింది. తాజాగా ఉంది. అయినా ఆమె కదల్లేదు.

"గుల్లయ్యా, పడిందా?"

జవాబు లేదు.

"ఏమయ్యా, పలకవేం?"

గుల్లయ్య పలకలేదు. "అత్తా! గుల్లయ్యకేమైందో చూడత్తా!"

ఇసకమ్మ పక్కకు వచ్చి తొంగి చూసింది. చూసి పకపకా నవ్వింది.

"వాడికేం కాలేదే. నోటి నిండా ఉంది, ఎలా పలుకుతాడు? నీ వీపంతా పచ్చపొడేనే పిచ్చిదానా!"

గవ్వమ్మ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మడత పూర్తిగా తెరిచింది.

మబ్బు లేచినట్టు లేచారు పిల్లలు. పక్క తల్లుల పిల్లలూ వాళ్ళతో కలిశారు. చీకటి దాటి, పచ్చ దాటి, వెలుగు దాకా వెళ్ళారు. పైన అందరికీ సరిపడా తిండి ఉంది. ఒంటిమీసం పిల్లలు కూడా ఆ పూట ఆ తిండే కడుపు నిండా తిన్నారు. వాళ్ళ నాన్న ఆగి ఉంటే, వాళ్ళకూ దేవుడు ఇచ్చేవాడే.

మరి ఆ చేరెడు పిల్లలు ఏమయ్యారంటారా? వాళ్ళు తిరిగి రాలేదు తల్లీ. గవ్వమ్మ ఖాళీ మడతలో ఆ అంచును ఒకసారి తడుముకుంది.

ఆ తర్వాత ఆమె కడుపు మళ్ళీ పండింది. పెనిమిటి రాకపోయినా, అతను ఇచ్చింది ఆమె ఒంట్లో దాచుకునే ఉంది. ఆ జాతికి దేవుడిచ్చిన వరం అది. ఈసారి ఆమె మెట్ట దిగలేదు. గుట్టలో పక్కనే ఒక కొత్త తల్లి వచ్చి కూర్చుంది. తొందరెక్కువ పిల్ల.

"గవ్వమ్మత్తా, కింద వెచ్చగా ఉంటుందట, నిజమేనా?"

"నిజమే" అంది గవ్వమ్మ. "ఇలా దగ్గరికి జరుగు. నీ వీపు నేను చూస్తాను. నా వీపు నువ్వు చూడు."

నీతి: నిన్ను తొందరపెట్టేవాడి ఆకలి ఏమిటో ముందు కనుక్కో, నీకు కనపడనిది చూసి నిజం చెప్పేవాళ్ళను ఎన్నడూ దూరం చేసుకోకు.