క్రియ కోసం ఆగిన ఇంజనీరు

విశాఖపట్నం కంచరపాలెంలో భానోజీ అనే సైటు ఇంజనీరు ఉండేవాడు. పనిలో మొనగాడే గానీ, ఎదుటివాడి మాట సగంలో ఉండగానే "తెలుసు, తెలుసు" అనేసేవాడు. ఒక పెళ్లి భోజనంలో వడ్డించేవాడు "బాబూ, ఇది పచ్చిమిరప..." అంటుండగానే "తెలుసు, వెయ్యవయ్యా" అని, కళ్లనీళ్లతో విస్తరి ముందునుంచి లేచాడట. సరే, భోజనాల సంగతికేం, అసలు కథకు వద్దాం.

అతని కంపెనీకి ఒక పెద్ద వంతెన పని వచ్చింది. మేనేజరు అతన్ని పిలిచాడు.

"పదహారేళ్ల అనుభవం నీది. కానీ ఈ పని చూసే మనిషికి ప్రాజెక్టు మేనేజ్‌మెంటు సర్టిఫికెట్ ఉండాలట. తెచ్చుకో, వంతెన నీది. లేదంటే బయటి మనిషిని తేవాల్సిందే" అన్నాడు.

ఆ పరీక్ష ఏడాదిలో మూడుసార్లే రాయనిస్తారు. భానోజీ లావుపాటి పుస్తకాన్ని బట్టీపట్టి రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ తప్పాడు. మా బి.ఏ. రోజుల్లో ప్రశ్న ఏదైనా మనకు తెలిసిందంతా రాసి వచ్చేవాళ్లం, మార్కులు కూడా పడేవి. ఇది అలాంటిది కాదు. ప్రతి ప్రశ్నా ఒక చిన్న కథ. ఫలానా చిక్కు వచ్చింది, మేనేజరు ముందుగా ఏం చెయ్యాలి అని అడిగి నాలుగు జవాబులు ఇస్తారు. నాలుగూ మంచివిగానే కనబడతాయి.

అతని భార్య హైమావతి హైస్కూల్లో తెలుగు టీచరు. "ఏమండీ, ఏదీ, ఒక ప్రశ్న నా ముందు చెయ్యండి" అంది.

భానోజీ ఇంగ్లీషు ప్రశ్నలో మొదటి వాక్యం చదివాడు. "ఇనుము ఆలస్యమైంది. తెలుసు, సప్లయరుకు నోటీసు ఇవ్వాలి!" అన్నాడు.

"నోటీసు నిన్ననే ఇచ్చారని మూడో వాక్యంలో ఉంది కదండీ!" హైమావతి పుస్తకం లాక్కుంది. "రేపట్నుంచి ప్రశ్నలు నేను తెలుగులో చెబుతాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది వినేదాకా మీరు నోరు తెరవకూడదు."

"నన్ను ఏడో తరగతిలో కూర్చోబెడతావా?"

"ఏడో తరగతి పిల్లలు ఆగుతారండీ. మిమ్మల్ని ఒకటిలో కూర్చోబెట్టాలి."

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలైంది.

"మేనేజరు కాంట్రాక్టరుకు పని ఆపమని..."

"చెప్పాడు!"

"చెప్పలేదు. క్లయింటు కొత్త డ్రాయింగును..."

"ఒప్పుకున్నాడు!"

"ఇంకా చూడనే లేదు."

వారం రోజులు భానోజీ ఓడిపోతూనే ఉన్నాడు. ఎనిమిదో రోజు పెదవులు బిగించి, మొదటిసారి చివరిదాకా ఆగాడు.

ఆ రోజే సైటులో మేస్త్రి గౌరినాయుడు వచ్చి, "బాబూ, పై స్లాబు ఇప్పుడే పోసెయ్యొచ్చని..." అన్నాడు. 'పోసెయ్' అన్న మాట భానోజీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆగాడు.

"...అనుకున్నాను గానీ, కింద ఆన్చిన జాకీలు రెండు జారిపోయాయి" అని మేస్త్రి ముగించాడు.

ఆ స్లాబు కింద పన్నెండుమంది పనిచేస్తున్నారు. భానోజీ వెంటనే అందర్నీ బయటికి రప్పించి, జాకీలు సరిచేయించాడు.

"ఇన్నేళ్లకు నా మాట పూర్తిగా విన్నారు బాబూ!" అన్నాడు గౌరినాయుడు.

అప్పటినుంచి భానోజీ చదువు తీరే మారిపోయింది. మూడో పరీక్షలో ప్రతి ప్రశ్ననూ మనసులో తెలుగు చేసుకుని, క్రియ వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే జవాబుల వైపు చూశాడు. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. అతను కదల్లేదు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా చివరి ప్రశ్న ముగించి, కంప్యూటరు మీట నొక్కాడు. తెరమీద 'ఉత్తీర్ణులు' అన్న అర్థంలో ఒక్క ఇంగ్లీషు మాట వెలిగింది. భానోజీ కుర్చీలోంచి ఎగిరి "హైమా!" అని కేకవేశాడు. పరీక్షహాలు కాపలా ఆయన కోప్పడబోయి, అతని మొహం చూసి తానూ నవ్వేశాడు.

నెల తిరగకుండానే వంతెన పునాది పడింది. మేనేజరు వంతెన నక్షాలన్నీ అందరి ముందూ భానోజీ చేతుల్లో పెట్టాడు. మేస్త్రీలు, కూలీలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నిలబడిన హైమావతి అందరికంటే గట్టిగా కొట్టింది.

నీతి: ఎదుటివారి మాట చివరిదాకా విన్నాకే జవాబు చెప్పాలి, సగమే విన్నవాడు ఎంత తెలిసినవాడైనా తప్పే చెబుతాడు.