నాంచారమ్మ పోగులు

అనగనగా, మగ్గాల చప్పుడుతోనే తెల్లవారే ఊరొకటి ఉండేదర్రా. ఆ ఊళ్లో నాంచారమ్మ నూలుకు రంగులు అద్దేది. చిరువేరు అనే వేరు ఉడికించి ఎరుపు తీసేది. ఒంటరి మనిషి. ఆమెకున్నదల్లా నాలుగు రంగుకుండలు.

ఒక ఏడు మారెమ్మ జాతర చీర నేసే వంతు నేతగాడు చెంగయ్యకు వచ్చింది. ఎర్రచీర, కనకాంబరం రంగు అంచు. అది మొక్కుబడి, మార్చడానికి లేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. అమ్మవారి చీరకు రంగు చెడగొట్టినవాళ్ల కుండలు నడివీధిలో బోర్లించేవారు. ఇక ఆ ఊళ్లో వాళ్లకు పని ఉండదు.

నాంచారమ్మ నూలు అద్ది ఆరేసింది. దండెం మీద నిప్పులా ఉంది. చెంగయ్య అంచుతో కలిపి జానెడు నేశాడు. మగ్గం మీద బూడిదలా ఉంది.

"ఏమే నాంచారీ, దీన్ని అమ్మవారు కట్టుకోవాలా, ఒంటికి పూసుకోవాలా?"

"మళ్లీ అద్దుతాను మామా."

వేరు రెట్టింపు వేసింది. దండెం మీద నిప్పులా ఉంది. మగ్గం మీద బూడిదలా ఉంది.

మూడోసారి పొద్దస్తమానం ఉడికించింది. దండెం మీద నిప్పులా ఉంది. మగ్గం మీద బూడిదే.

"జాతర ముంచుకొస్తోంది. రేపు పెద్దలకు చెప్పేస్తాను," అన్నాడు చెంగయ్య, ఆమె మొహం చూడకుండా.

నాంచారమ్మ ఇంటికొచ్చింది. పచ్చడి నూరుకుందామని పండుమిరపకాయలు తీస్తే, ఒకటి జారి వాకిట్లో ఎర్రమట్టి మీద పడింది. ఎదురుగా ఉన్నా కంటికి ఆనలేదు. తడిమి తడిమి పట్టుకుని పక్కనున్న బచ్చలాకు మీద పెట్టింది. కాయ దీపంలా వెలిగింది. మళ్లీ మట్టి మీద పెట్టింది. ఆరిపోయింది. మళ్లీ ఆకు మీద పెట్టింది. వెలిగింది.

"కాయ మారలేదు కదా," అనుకుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండర్రా. ఏ రంగూ ఒంటరిగా కనబడదు. తనకు దగ్గరి రంగు పక్కన చేరితే అందులో కలిసి నీరసపడుతుంది. ఎదురు రంగు పక్కనుంటే లేచి కూర్చుంటుంది. ఎరుపుకు కనకాంబరం దగ్గరి చుట్టం. ఆకుపచ్చ ఎదురింటిది.

నాంచారమ్మ కాయనూ ఆకునూ కొంగులో వేసుకుని పరుగెత్తింది.

"మామా, నా ఎరుపు మంచిదే. కనకాంబరం దాన్ని మింగేస్తోంది. రెండింటి మధ్యా మూడు ఆకుపచ్చ పోగులు పెట్టు."

"అంచు మార్చకూడదే పిచ్చిదానా."

"అంచు జోలికి వెళ్లొద్దు. మధ్యలో గట్టు వేయి, అంతే."

చెంగయ్య సణుక్కుంటూనే పోగులు కలిపాడు. జానెడు నేశాడు. చేయి ఆపి చూశాడు. మగ్గం మీదా నిప్పులాగే ఉంది.

"కుండలు కడిగిపెట్టుకో నాంచారీ. వచ్చే ఏడూ నువ్వే అద్దాలి."

నాంచారమ్మ కొంగులోని కాయనూ ఆకునూ మగ్గం పక్కన పెట్టింది. "ముందు ఇంత గంజి పోయించు మామా. పొద్దుటినుంచి ఏమీ తినలేదు."

ఆమె పండుముసలిదయ్యాక కన్నుమూసింది. ఆ కుండల్ని ఎవరూ బోర్లించలేదు. మట్టి నింపి మిరపమొక్కలు పెట్టారు. ఆ వీధిలో ఇప్పటికీ ఎరుపు పక్కన కనకాంబరం వస్తే మధ్యలో మూడు ఆకుపచ్చ పోగులు వేస్తారు. వాటిని నాంచారమ్మ పోగులంటారు. అద్దినవాళ్లది తప్పని ఎవరైనా నోరెత్తితే, ముందు ఆ కుండల దగ్గరికి తీసుకెళ్లి ఆకుల మధ్య పండిన కాయను చూపిస్తారు. ఆ తర్వాతే మాట్లాడనిస్తారు.